అత్తా నేనూ మిగిలిన ఇల్లు

మా ఆవిడ పోయిన సంగతి మా అత్తకు చెప్పవలసిన పని నా మీదే పడింది. అప్పటికి మా పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది. అన్నేళ్ళలో నేను మా అత్తతో ఎదురుగా నిలబడి ఒక్క మాట మాట్లాడి ఎరగను.

పొద్దున్నే నర్సు వచ్చి నన్ను వార్డులోకి పిలిచింది. చూసి బయటికి వచ్చాను. ఆడవాళ్ళ వార్డు ముందు పొడుగాటి వరండా ఉంది. గోడ పొడుగునా బెంచీలు వేసి ఉంటాయి. రోగుల తాలూకు మనుషులంతా వాటిమీదే కూర్చుని, వాటిమీదే తిని, వాటిమీదే కునికేవారు. మా అత్త ఒక బెంచీ చివర, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే అలవాటు ప్రకారం లేచి, కొంగు భుజం మీదికి లాక్కుని, సగం గోడవైపు తిరిగి నిలబడింది. అలా తిరిగి నిలబడిన మనిషికి ఏమని చెప్పాలో నాకు తోచలేదు. నేల చూస్తూ "అయిపోయింది" అన్నాను.

ఆమె మళ్ళీ కూర్చుంది. ఏడవలేదు. సంచి మూతికున్న ముడి విప్పి, మళ్ళీ ముడివేసింది. పక్కనున్న బెంగాలీ ఆవిడ ఏమైందని నన్ను అడిగింది. ఆమెకు బెంగాలీలో అంతా చెప్పాను. రాత్రి ఊపిరి అందకపోవడం, డాక్టరు రావడం, తెల్లవారుతుండగా ఆగిపోవడం, అన్నీ. ముక్కూ మొహం తెలియని మనిషికి అంత వివరంగా చెప్పగలిగినవాణ్ణి కన్నతల్లికి చెప్పలేకపోయాను. అత్తకు బెంగాలీ రాదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు. మా నాన్న వయసులో ఉండగానే కలకత్తా రేవులో పనికి వచ్చి, రేవు పక్కనే ఉన్న వాట్‌గంజ్‌లో స్థిరపడ్డాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. పిల్లను మాత్రం మా ఊరి వైపు నుంచే తెచ్చారు. మావాళ్ళలో పాతకాలపు అత్తలు అల్లుడి ఎదుట పడరు, అల్లుడితో మాట్లాడరు. ఇప్పుడు చాలా ఇళ్ళలో అది పోయింది. మా అత్త మాత్రం పట్టు విడవలేదు. సెలవులకు మేం వెళ్ళినా, ఆమె ఇక్కడికి వచ్చినా, మాటలన్నీ మా ఆవిడ మీదుగానే నడిచేవి. "కూరలో ఉప్పు సరిపోనాదేమో బాబుని అడగవే" అని ఆమె తలుపు వెనక నుంచి అనేది. నాకు వినపడేది. మా ఆవిడ నావైపు తిరిగి "సరిపోయిందా?" అనేది. సరిపోయిందని నేననేవాణ్ణి. అది అత్తకూ వినపడేది. అయినా మా ఆవిడ మళ్ళీ వెనక్కి తిరిగి "సరిపోనాదంటమ్మా" అని చేరవేసేది. ఒక్కోసారి విసుగెత్తి, మీ ఇద్దరి మధ్యా తంతి పోస్టాఫీసులా అయిపోయాను అని నవ్వేది.

మాకు పిల్లలు లేరు. మా ఆవిడకు కాలేయం పాడైందని తెలిశాక, చేసేవాళ్ళు లేరని అత్తను పలాస నుంచి పిలిపించాను. అక్కడ ఆమె కొడుకు దగ్గర ఉండేది. నా బావమరిది జీడిపప్పు మిల్లులో పనిచేస్తాడు. వచ్చిన దగ్గర్నుంచి అత్త ఇంటికీ ఆసుపత్రికీ మధ్యే తిరిగింది. కలకత్తాలో ఆమె చూసింది ఆ బస్సు దారి ఒక్కటే.

వాట్‌గంజ్‌లోని మావాళ్ళు చాలామంది వచ్చారు. ఆడవాళ్ళు మా ముందుగదిలో కూర్చుని, మావైపు అలవాటు ప్రకారం పోయినదాని గుణాలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ రాగం తీసి ఏడ్చారు. అత్త వాళ్ళ మధ్య నోరు మెదపకుండా కూర్చుంది. ఆమె గుండె రాయి అని ఎవరో అనడం విన్నాను. నన్ను కూడా అనే ఉంటారు. చితి దగ్గరా నాకు కన్నీళ్ళు రాలేదు. వస్తాయని ఎదురుచూశాను. కట్టెలు సరిగ్గా పేర్చలేదని అక్కడి మనిషితో గొడవ పెట్టుకున్నాను. అది గుర్తుంది. ఆరోజు సంగతులు ఇంకేమీ సరిగా గుర్తులేవు.

పెద్దకర్మ అయ్యాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. బావమరిది తల్లిని తీసుకుపోదామని ఆమెకు కూడా టిక్కెట్టు తీశాడు. బయలుదేరేరోజు పొద్దున నన్ను బయటికి తీసుకువెళ్ళి, అమ్మ రానంటోంది, కొన్నాళ్ళు ఉండనీ బావా అన్నాడు. ఎందుకు రానంటోందో వాడికీ చెప్పలేదట. వద్దని నేనెలా అనగలను? సరే అన్నాను. వాడు ఒక్కడే వెళ్ళిపోయాడు. ఇంట్లో నేనూ అత్తా మిగిలాం.

మా ఇల్లు ఒకదాని వెనక ఒకటిగా రెండు గదులు. వెనక వరండాలో వంట. ముందుగది నాది, వెనకది ఆమెది. పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి కంచంలో అన్నం, పక్కన కూర, మీద మూత ఉండేవి. నేను తిని లేచేదాకా ఆమె వరండాలోనే ఉండేది. నేను లేచాక వచ్చి కంచం తీసేది. మాట చేరవేసే మనిషి లేదు కాబట్టి మాట కూడా లేదు. మరీ అవసరమైతే వరండాలోంచి "బియ్యం నిండుకున్నాయి" అని వినపడేది. ఎవరితోనూ అనకుండా, ఊరికే గాలిలోకి. "సాయంత్రం తెస్తాను" అని నేనూ గాలిలోకే అనేవాణ్ణి. కొన్నిరోజులు అదీ ఉండేది కాదు. ఖాళీ నూనె సీసా నా చెప్పుల పక్కన కనిపించేది. నేను తీసుకుపోయేవాణ్ణి.

భవానీపూర్‌లో ఫ్యాన్లూ లైట్లూ అమ్మే దుకాణంలో బిల్లులు రాయడం నా పని. యజమాని మంచివాడు. ఇంకొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నాడు. ఉండలేక వెళ్ళాను. పనిలో బాగానే ఉండేవాణ్ణి. వచ్చినవాళ్ళతో బేరాలాడేవాణ్ణి, నవ్వేవాణ్ణి కూడా. మందుల షాపు ముందు నుంచి పోతూ, మా ఆవిడ మాత్రలు తీసుకోవాలి అనుకుని ఆగేవాణ్ణి. ఆగాక గుర్తొచ్చేది. ఒకరోజు ఆగి, కొట్లోకి వెళ్ళి, పేరు కూడా చెప్పేశాను. అతను తెచ్చి బల్లమీద పెట్టాడు. వద్దనడానికి నోరు రాక కొనుక్కుని బయటికి వచ్చాను.

కష్టమంతా ఇంట్లోనే. అత్త ఎదుట పడదు గనుక నాకు వినపడేది ఆమె చప్పుడు మాత్రమే. ఆ చప్పుడు మా ఆవిడదే. మా ఆవిడ అవన్నీ తల్లి దగ్గరే నేర్చుకుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. గిన్నె మీద మూత పెట్టి ఒకసారి తిప్పడం, పోపు వేశాక గరిటెను రెండుసార్లు గిన్నె అంచుకు తట్టడం, కుడికాలు కాస్త ఈడ్చి నడవడం, మాట మొదలుపెట్టే ముందు దగ్గినట్టుండే చిన్న సవరింపు. ముందుగదిలో కళ్ళు మూసుకుని పడుకుంటే మా ఆవిడ వెనక వంట చేస్తోంది. అంత నిజంగా. ఒకసారి లేచి వెళ్ళాను కూడా. తెల్లజుట్టు ముసలావిడ నన్ను చూసి ఉలిక్కిపడి కొంగు లాక్కుంది. నేను మంచినీళ్ళ కోసం వచ్చినట్టు చెంబు తీసుకుని వెనక్కి వచ్చాను.

ఆ తర్వాత ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాను. దుకాణం మూశాక నేరుగా బస్సెక్కకుండా భవానీపూర్ వీధుల్లో తిరిగేవాణ్ణి. మెట్రో మెట్లెక్కి పైకి వచ్చే జనాన్ని చూస్తూ నిలబడేవాణ్ణి. అందరూ ఎక్కడికో తొందరగా పోతుండేవారు. పార్కులో ఒక మూల కూర్చుని మరమరాల పొట్లం కొనుక్కుని తినేవాణ్ణి. ఆకలి వేసి కాదు. చేతులకు ఏదో పని కావాలి. ఆ ఊళ్ళో పుట్టినవాణ్ణి, ఆ భాష మాట్లాడేవాణ్ణి, అయినా అక్కడ కూర్చుంటే నిన్న రైలు దిగిన పరాయివాడిలా ఉండేది. తెలిసినవాళ్ళు కనిపిస్తే పక్కకు తప్పుకునేవాణ్ణి. ఎలా ఉన్నావు దాదా అని, అన్నా అన్నట్టు, అడుగుతారు. బాగున్నానని చెప్పాలి. ఇంటికి చేరేసరికి అన్నం మూత కింద చల్లారిపోయి ఉండేది. వెనకగదిలో దీపం ఆరిపోయేది. ఆమె మేలుకునే ఉందని నాకు తెలుసు. నేను తలుపు గడియ వేశాకనే ఆమె మంచం కిర్రుమనేది.

వానలు మొదలయ్యాక హౌరా అవతల లిలువా నుంచి మా అక్క వచ్చింది. బావ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాడు. వాళ్ళ ఇల్లు అక్కడే. అక్క నా మంచి కోరే మాట్లాడింది. ఇంకా వయసు అయిపోలేదు, ఒంటరిగా ఎన్నాళ్ళుంటావు, తెలిసినవాళ్ళలో భర్త పోయిన ఒకావిడ ఉంది, ఆలోచించమంది. ముందు మాత్రం మీ అత్తను పంపించెయ్యాలి, కూతురు లేని ఇంట్లో అల్లుడి దగ్గర అత్త ఉండటం ఏం పద్ధతి, నలుగురూ నాలుగు మాటలంటున్నారు అంది. వెనక గరిటె చప్పుడు ఆగిపోయింది. మా అక్క గొంతు చిన్నది కాదు. నేను అవుననలేదు, కాదనలేదు. ఆ రాత్రి కంచంలో ఎప్పటిలాగే కూర ఉంది, పులుసు ఉంది. మా ఆవిడ పోయాక మొదటిసారి చేప కూడా ఉంది. ఆ చేప ఎవరి కోసం వండిందో, ఎందుకు వండిందో అడగలేదు. తినలేక తిన్నాను.

ఇది జరిగిన కొన్నాళ్ళకు ఒకరోజు పొద్దున్నుంచీ ఎడతెగని వాన. భవానీపూర్‌లో మా దుకాణం మెట్టు దాకా నీళ్ళు వచ్చేసరికి యజమాని షట్టరు దించేసి అందర్నీ ఇళ్ళకు పొమ్మన్నాడు. ఆవేళప్పుడు పార్కులో కూర్చోవడానికి లేదు. చాలా రోజుల తర్వాత పట్టపగలు ఇంటికి వచ్చాను. తలుపుకు తాళం వేసి ఉంది.

పక్కింటి బెంగాలీ ఆవిణ్ణి, వదిన వరసన నేను బౌదీ అని పిలిచే ఆమెను, అడిగాను. ఆమె తాళంచెవి తెచ్చిచ్చి, నావైపు వింతగా చూసింది. మీరు పనికి వెళ్ళగానే మాషీమా కూడా వెళ్ళిపోతుంది కదా, మీరు వచ్చేలోపు వచ్చేస్తుంది, నెలకు పైనే అయింది, మీకు తెలిసే ఉంటుందనుకున్నాను అంది. మాషీమా అంటే పిన్ని, అత్తను ఆమె అలాగే పిలుస్తుంది. ఎక్కడికి వెళుతుందో ఆమెకు తెలియదు. అత్తకూ ఆమెకూ భాష కుదరదు. తాళంచెవి ఇవ్వడం, తీసుకోవడం, నవ్వడం, అంతే.

మా అక్క మాటలు గుర్తొచ్చాయి. మొదట నది ఒడ్డుకు పరుగెత్తాను. ఎందుకు అటే వెళ్ళానో పైకి అనుకోవడానికి కూడా భయం. వానలో ఘాట్ దగ్గర ఎవరూ లేరు. మెట్ల మీదికి నీళ్ళు ఎక్కి కొట్టుకుంటున్నాయి. పడవ కట్టుకుని కూర్చున్నాయన ముసలామె ఎవరూ రాలేదన్నాడు. అక్కడ నిలబడి ఆలోచిస్తే, ఈ ఊళ్ళో ఆమెకు తెలిసిన దారి ఒకటే కదా అని తట్టింది. బస్సెక్కాను.

ఆసుపత్రి మెట్లెక్కాను. మా ఆవిడ పోయాక నేను ఆ గేటు వైపు కూడా రాలేదు. ఆడవాళ్ళ వార్డు ముందు వరండాలో అదే జనం, అదే ఫినాయిలు వాసన, ఆరేసిన తువ్వాళ్ళు. చివరి బెంచీ మీద అత్త ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. చీర అంచు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. పక్కన రెండు మూడు ఎవరివో సంచులు. కళ్ళు వార్డు తలుపు మీద ఉన్నాయి.

వార్డులో పనిచేసే ఆయా నన్ను గుర్తుపట్టింది. ఆమే చెప్పింది. మాషీమా రోజూ వస్తుందట. ఎవరినీ ఏమీ అడగదట. మందులకో కాఫీకో వెళ్ళేవాళ్ళు సంచులు అప్పగిస్తే చూస్తుందట. కాపలావాడు మొదట్లో నీ పేషెంటు ఎవరని అడిగితే వేలు లోపలికి చూపించిందట. తర్వాత ఎవరూ అడగడం మానేశారు. చెప్పాలనుకున్నాను కానీ మీ నంబరు లేదు దాదా అంది.

వెళ్ళి అదే బెంచీ రెండో చివర కూర్చున్నాను. అత్త పక్కన ఒకే బెంచీ మీద కూర్చోవడం మా ఇంట్లో ఎప్పుడూ జరగని పని. ఆమె ఉలిక్కిపడి లేవబోయింది.

"కూకో అత్తా" అన్నాను.

కూర్చుంది. కొంగు మాత్రం లాక్కుంది. మా ఎదురుగా తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం, ట్రాలీ పోవడం, ఇద్దరం అదే చూస్తూ ఉన్నాం. చాలాసేపటికి ఆమె తలుపు వైపే చూస్తూ మాట్లాడింది. ఆమె గొంతు అంత దగ్గర్నుంచి వినడం నాకదే మొదలు.

"ఇంటికాడ నా గుంట నేదు బాబూ. ఎంత ఎతికినా నేదు. ఇక్కడ కూకుంటే లోపల తొంగున్నట్టే ఉంటాది. మందుకి నిద్దరోతన్నాది, నెగిసినాక పిలుత్తారు అనిపిస్తాది."

మావైపు ఆడపిల్లను గుంట అంటారు. నలభై దాటిన కూతుర్ని కూడా ఆమె అలాగే పిలిచేది.

ఇంత వానలో ఎలా వచ్చావని అడిగాను. ఎరిగిన బస్సే కదా అంది. అసలు మాట అప్పుడు చెప్పింది.

"నానుండబట్టే మీరు ఇంటికి రావడం నేదు. నాకు తెలుసు. ఆయేల మీ అప్ప వచ్చి అన్నమాట కూడా ఇన్నాను. అందులో తప్పేటీ నేదు. నా కొడుక్కి కబురెట్టండి, ఎల్పోతాను."

"నీమీద కోపమేటత్తా" అన్నాను. "నువ్వు పొయ్యికాడ తిరుగుతుంటే తనే తిరుగుతున్నట్టు ఉంటాది. అదే అడుగు, అదే దగ్గు. లేచి సూస్తే నువ్వు. అది నావల్ల కాక బయట తిరుగుతున్నాను."

ఆమె మొదటిసారి తల తిప్పి నా మొహం తిన్నగా చూసింది. "ఆ దగ్గు మాయమ్మది" అంది.

ఎందుకో ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. చితి దగ్గర రానిది, నెలల తరబడి రానిది, అక్కడ జనం మధ్య వచ్చింది. ఆపుకోవడానికి చూశాను, ఆగలేదు. ఆమె కూడా ఏడ్చింది, రాగం లేదు, మాట లేదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. ఆ వరండాలో ఎవరూ మమ్మల్ని ఏమైందని అడగలేదు. అక్కడ ఏడవడం ఎవరికీ వింత కాదు. సంచులు అప్పగించిన ఒకావిడ తిరిగి వచ్చి, మెల్లగా తన సంచి తీసుకుని, మా మధ్య ఒక మంచినీళ్ళ సీసా పెట్టి వెళ్ళింది.

బయటికి వచ్చేసరికి రోడ్డంతా నీళ్ళు. బస్సులు లేవు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నడవాలి. ఎక్కడ గుంత ఉందో ఎక్కడ మూత తీసిన కాలువ ఉందో తెలియదు. చెయ్యి పట్టుకోమని అన్నాను. ఆమె పట్టుకోలేదు. కాసేపు నడిచాక నా చొక్కా చేతి అంచును రెండు వేళ్ళతో పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆ రాత్రి ఆమె వరండాలోకి వెళ్ళలేదు. గుమ్మంలో కూర్చుంది. నేను తింటుంటే, పులుసులో ఉప్పు ఎక్కువైందా అని అడిగింది. ఎక్కువైంది అన్నాను. అలా మొదలుపెట్టాం.

అప్పటినుంచి దుకాణం మూయగానే ఇంటికి వచ్చేవాణ్ణి. అత్త గుమ్మంలో, నేను చాప మీద. మాకున్న మాట ఒకటే, మా ఆవిడ గురించి. చిన్నప్పుడు జీడితోటలో తేనెటీగలు కుట్టి మొహం ఉబ్బిపోతే అద్దంలో చూసుకుని పడిపడి నవ్విందట. బడి మాన్పిస్తే రెండురోజులు అన్నం తినలేదట. ఇరవై ఏళ్ళు కాపురం చేసినా ఆ సంగతులు నాకు తను ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ కూతురి బతుకు అత్తకు తెలియదు. కొత్తలో చేపలమ్మే ఆవిడ దగ్గర బెంగాలీ ఎలా నేర్చుకుందో, ఆదివారాలు ఓడలు చూద్దామని నన్ను రేవు వైపు ఎలా లాక్కుపోయేదో నేను చెప్పేవాణ్ణి. అత్త అన్నిటికీ ఒప్పుకునేది కాదు. నా గుంట కాకరకాయ నోట పెట్టదు అనేది. వారం వారం తనే వండుకుని తినేది అని నేను. కాదు, అవును అని ఒకరోజు గట్టిగానే వాదించుకున్నాం. మర్నాడు కాకరకాయ కూర చేసి, ఇలా వండేదా అని అడిగింది. ఇలా కాదు అన్నాను. ఆమె నొచ్చుకుంది. ఆ పూట ఇద్దరం మాట్లాడుకోలేదు.

అన్నీ చక్కబడిపోయాయని చెప్పను. మాట్లాడుకోవడం వల్ల తను లేకపోవడం తగ్గలేదు. ఒక్కోరోజు చెప్పుకుంటూ చెప్పుకుంటూ హఠాత్తుగా ఇద్దరం ఆగిపోయేవాళ్ళం. తర్వాత లేచి ఎవరి గదిలోకి వాళ్ళం. అత్త ఆసుపత్రికి వెళ్ళడం కూడా వెంటనే మానలేదు. వెళుతున్నానని ఇప్పుడు నాకు చెప్పి వెళ్ళేది. నేను వద్దనలేదు. దుర్గాపూజలకు కొంచెం ముందు ఆమే మానేసింది. కొత్తగా వచ్చిన ఒకామె, నీకు లోపల ఎవరున్నారని సైగలతో అడిగిందట. వేలు ఎత్తబోతే ఎత్తలేకపోయిందట. "అబద్దమాడినట్టుంటాది గదా" అంది. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

సంవత్సరీకానికి బావమరిది వచ్చాడు. వాడి భార్యకు నెలలు నిండుతున్నాయి. ఇంట్లో పెద్దదిక్కు కావాలి. ఈసారి అత్త వెళ్ళక తప్పదు. వెళ్ళేముందు రోజంతా ఆమె నాకు వంట నేర్పింది. పక్కన నిలబెట్టి పప్పు, చారు, చేపల పులుసు చేయించింది. మధ్యలో నా చేతిలోంచి గరిటె లాక్కుని, ఇలగ కాదు అని చూపించి మళ్ళీ ఇచ్చింది. మా ఆవిడ చీరలు ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. అన్నీ తీసుకుపొమ్మన్నాను. ఆమె ఒక్కటి తీసుకుంది, ఇంట్లో కట్టుకునే పాతది. మిగిలినవి ఉండనీ అంది.

హౌరా స్టేషనులో రైలు కదలడానికి ఇంకా సమయం ఉంది. బావమరిది నీళ్ళ కోసం దిగాడు. అత్త కిటికీ దగ్గర కూర్చుని, ఊచల్లోంచి నావైపు కాకుండా ప్లాట్‌ఫారం వైపు చూస్తూ అంది.

"నువ్వు మళ్ళీ పెళ్ళి సేసుకుంటానంటే నాకేటి కోపం నేదు బాబూ. ఆ పిల్లని ఒక్కసారి తెచ్చి నాకు సూపించు. అంతే."

ఆమె నన్ను నువ్వు అన్నది అప్పుడే. ఏదో ఒకటి చెప్పి ఉండవలసింది. తల ఊపినట్టున్నాను. ఆమె దాన్ని ఎలా అర్థం చేసుకుందో తెలియదు. బావమరిది సీసా పట్టుకుని ఎక్కాడు, రైలు కదిలింది.

ఇంటికి వచ్చి తాళం తీశాను. మా ఆవిడ పోయిన రోజు ఈ ఇంటి నిండా మనుషులు. ఆ తర్వాత అత్త. ఇల్లు నిజంగా ఖాళీ అవడం నేను చూసింది ఆ రోజే. చెప్పులు విప్పి చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. ఎక్కడా చప్పుడు లేదు. ఏ చప్పుడుకు భయపడి వీధుల్లో తిరిగానో, అది ఒక్కసారి వినపడితే చాలునని వెనకగది దాకా వెళ్ళాను. గిన్నెలు బోర్లించి వరసగా పెట్టి ఉన్నాయి. నేల తుడిచి ఉంది. రెండోసారి ఎవరో పోయినట్టుంది. ఈసారి ఓదార్చడానికి ఎవరూ రారు. ఎవరూ పోలేదు కదా.

పెళ్ళి నేను చేసుకోలేదు. మా అక్క కొన్నాళ్ళు అడిగి మానేసింది. వద్దని గట్టిగా అనుకున్నదీ లేదు, అలా జరిగిపోయింది. పనికి పోతాను, వస్తాను, వండుకుంటాను. పండగలకు బౌదీ వాళ్ళు పిలుస్తారు. ఒక్కోసారి వెళతాను. పలకరింపులు అయ్యాక వాళ్ళ మాటలు వాళ్ళవి. మా ఆవిడ పేరు ఎత్తేవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పుడు లేరు. నేను ఎత్తితే మా అక్కా, ఇక్కడి మావాళ్ళూ కూడా మొహమాటపడి మాట మార్చేస్తారు. అన్నేళ్ళు ఈ వీధిలో నడిచిన మనిషి గురించి నేను బెంగాలీలో చెప్పుకోవాలి, లేదా ఊరుకోవాలి. ఊరుకుంటాను.

అత్త ఆదివారాలు ఫోను చేస్తుంది. మనవరాలు పుట్టింది. ఇప్పుడు నడుస్తోంది కూడా. ఫోనులో ఆమె ఎదురుగా మాట్లాడినట్టు మాట్లాడదు. దూరం కదా అని గట్టిగా అరుస్తుంది. తిన్నావా, ఏటి వొండినావు, వానలున్నాయా, అంతే. కూతురి ప్రస్తావన ఫోనులో తీసుకురాదు. నేనూ తీసుకురాను. మొదట్లో దానికి బాధపడ్డాను. ఇప్పుడు పడను. అంత అరుస్తూ చెప్పుకునే సంగతి కాదు అది.

మాటలయ్యాక ఫోను పెట్టెయ్యడం ఆమెకు రాదు. బావమరిది ఎన్నిసార్లు చూపించినా రాలేదు. ఉంటాను బాబూ అని చెప్పి, అలాగే మంచం మీద పడేసి వెళ్ళిపోతుంది. నేను నొక్కితేనే ఆగుతుంది. చాలాసార్లు నొక్కను. చెవి దగ్గర పెట్టుకుని మంచం మీద పడుకుంటాను. కోళ్ళు అరుస్తుంటాయి. పాప ఏదో కింద పడేస్తుంది. అత్త దాన్ని కేకలేస్తుంది, బుజ్జగిస్తుంది, ఎవరినో బయటినుంచి లోపలికి రమ్మంటుంది. దూరంగా రైలు వెళుతుంది. వాళ్ళకు నేను వింటున్నట్టు తెలియదు. అక్కడ మధ్యాహ్నం గడుస్తుంటే ఇక్కడ నేను వింటూ ఉంటాను. ఎవరో ఒకరు ఫోను వెలుగుతుండటం చూసి, ఇదేటి ఇంకా ఎలుగుతున్నాది అనుకుంటూ ఆపేసేదాకా.